సైకిల్ హెల్మెట్ ఎలా ఎంచుకోవాలి, ఎలా కాపాడుకోవాలి? తిరుపతి, చిత్తూరు సైకిల్ మిత్రుల చర్చ

బైరాగిపట్టెడ నాన్న:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ ఏడాది తొమ్మిదో తరగతికి వచ్చింది, ఇకమీదట బడికి సైకిల్ మీదే వెళ్తానంటోంది. నేను కూడా ఉదయం పూట శ్రీనివాస మంగాపురం వైపు సైకిల్ తొక్కడం మొదలుపెట్టాను. ఇద్దరికీ హెల్మెట్లు కొందామని బజారుకు వెళితే ఒక అంగడిలో నాలుగు వందలకు, మరొక అంగడిలో రెండున్నర వేలకు చూపించారు. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి, ధరలో అంత తేడా ఎందుకో ఎవరూ సరిగా వివరించలేదు. ఇంట్లో ఐఎస్ఐ గుర్తున్న మోటారు సైకిల్ హెల్మెట్ ఉండగా వేరే ఎందుకని మా అన్నయ్య అంటున్నాడు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

కొర్లగుంట సైకిల్ మెకానిక్:
నమస్కారం సార్. ముందు మీ అన్నయ్యగారి మాటకు జవాబు చెబుతాను. మోటారు సైకిల్ హెల్మెట్‌కు వర్తించే ఐఎస్ 4151 ప్రమాణం మోటారు వాహనాల మీద వెళ్లేవారి కోసం రూపొందించినది. ముఖమంతా కప్పే హెల్మెట్ కిలోకు పైగా బరువు ఉంటుంది, గాలి ఆడదు, చెవులు మూసుకుపోయి వెనుక వచ్చే బండి శబ్దం సరిగా వినిపించదు. కాలి బలంతో ఎత్తు ఎక్కే మనిషికి అరగంటలో తల చెమటతో తడిసిపోతుంది. అలాంటిదాన్ని నాలుగు రోజులు పెట్టుకుని, ఐదో రోజు హ్యాండిల్‌కు తగిలించి తొక్కేవారిని నేను రోజూ చూస్తుంటాను. సైకిల్ హెల్మెట్ సాధారణంగా 250 నుంచి 400 గ్రాముల లోపే ఉంటుంది, గాలి కోసం పైన చీలికలు ఉంటాయి.

ఇక నాలుగు వందలదానిని కొట్టిపారేయనవసరం లేదు గానీ లోపల చూడకుండా మాత్రం కొనకండి. ప్యాడ్లను ఊడదీసి పక్కన పెట్టండి. పై ప్లాస్టిక్ తొడుగుకు అంటుకుని, బొటనవేలితో నొక్కితే గట్టిగా తగిలే మందపాటి థర్మాకోల్ పొర కనిపించాలి. అది తెల్లగా ఉండవచ్చు, నల్లగానూ ఉండవచ్చు. దాని బదులు మెత్తటి స్పాంజి మాత్రమే ఉన్నా, బోలు ప్లాస్టిక్ మాత్రమే ఉన్నా అది ఎండకు టోపీగా పనికి వస్తుందేమో గానీ దెబ్బకు పనికిరాదు. తరువాత లోపలి స్టిక్కర్ మీద ఈఎన్ 1078 అనో, సీపీఎస్‌సీ అనో ఉందేమో చూడండి. మొదటిది ఐరోపా ప్రమాణం, రెండవది అమెరికాది. అమెరికాలో 1999 మార్చి నుంచి తయారయ్యే ప్రతి సైకిల్ హెల్మెట్ రెండవదానికి లోబడి ఉండాలి. మన దగ్గర మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ సైకిల్ తొక్కేవారికి వర్తించదు కాబట్టి ఎవరూ ఆపి అడగరు. అందువల్ల మంచిదో కాదో చూసుకునే బాధ్యత కొనేవారిదే.

చిత్తూరు ఫిజిక్స్ టీచర్:
మెకానిక్ గారు థర్మాకోల్ గురించి చెప్పినది అసలు విషయం. హెల్మెట్ గట్టిగా ఉండటం వల్ల తలను కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నలిగిపోవడం వల్ల కాపాడుతుంది. ఈ లెక్కను నేను తరగతిలో బోర్డు మీద వేసి చూపిస్తుంటాను.

సైకిల్ మీద కూర్చున్న మనిషి తల నేల నుంచి సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుందనుకుందాం. అక్కడి నుంచి పడిన తల నేలను తాకేసరికి సెకనుకు 5.4 మీటర్ల వేగం, అంటే గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ వేగమంతా ఎంత దూరంలో ఆగిందన్నదే ప్రాణానికి సంబంధించిన ప్రశ్న. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే, గురుత్వ త్వరణానికి సగటున ఎన్ని రెట్ల అదురు తలకు తగిలిందో తెలుస్తుంది. తారు రోడ్డు మీద వట్టి తల 2 మిల్లీమీటర్లలో ఆగితే ఆ లెక్క 750 రెట్లు అవుతుంది. అదే థర్మాకోల్ నలుగుతూ 2 సెంటీమీటర్ల దూరం ఇస్తే 75 రెట్లకు దిగివస్తుంది. ఇది సగటు మాత్రమే, ఒక క్షణంలో తగిలే గరిష్ఠ అదురు ఇంతకంటే ఎక్కువగా ఉంటుంది. ఈఎన్ 1078 పరీక్షలో హెల్మెట్ తొడిగిన బొమ్మ తలను సరిగ్గా ఇదే వేగంతో చదునైన ఇనుప దిమ్మె మీద పడేస్తారు, గరిష్ఠ అదురు 250 రెట్లు మించకూడదు. అమెరికా పరీక్షలో రెండు మీటర్ల ఎత్తు నుంచి పడేస్తారు, అక్కడ హద్దు 300 రెట్లు.

స్పాంజి ఎందుకు పనికిరాదో కూడా దీనినిబట్టే తెలుస్తుంది. వేలితో నొక్కితేనే అడుగంటా అణిగిపోయే పదార్థం ఆ వేగాన్ని ఏమాత్రం తగ్గించలేదు. థర్మాకోల్‌లోని చిన్న చిన్న గాలి గుళ్లు ఒక్కొక్కటిగా చితికి శక్తిని మింగుతాయి, చితికినవి మళ్లీ పూర్వపు ఆకారానికి రావు. కాబట్టి ఒక పెద్ద దెబ్బ తిన్న హెల్మెట్‌లో ఆ చోట ఇక రక్షణ మిగలదు.

చంద్రగిరి దారి:
టీచర్ గారి వివరణకు కృతజ్ఞతలు. ధర విషయంలో నా అభిప్రాయం చెబుతాను. ప్రమాణం దాటిన వెయ్యి రూపాయల హెల్మెట్, పది వేల రూపాయల హెల్మెట్ రెండూ కనీస పరీక్షను దాటినవే. పైన పెట్టే డబ్బు ఎక్కువగా బరువు తగ్గడానికి, గాలి బాగా ఆడటానికి, బిగించే అమరిక నాణ్యతకు పోతుంది. ఒక్క మినహాయింపు ఉంది. తల నేలను నిటారుగా కాకుండా ఏటవాలుగా తాకినప్పుడు కలిగే మెలిక మెదడుకు చాలా హాని చేస్తుంది. దానిని తగ్గించడానికి స్వీడన్‌లో రూపొందించిన మిప్స్ అనే పలుచని పొర, దెబ్బ తగిలిన క్షణంలో హెల్మెట్‌ను తల మీద 10 నుంచి 15 మిల్లీమీటర్ల మేర జారనిస్తుంది. స్తోమత ఉంటే అది ఉన్నది తీసుకోవడం మంచిదే. అయితే తలకు అమరని మిప్స్ హెల్మెట్ కంటే, చక్కగా అమరిన మామూలు హెల్మెట్‌నే నేను ఎంచుకుంటాను.

అమరిక గురించి మన ఊరికి ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉంది. ఇక్కడ మనలో చాలామంది ఏడాదికో రెండేళ్లకో కొండ మీద తలనీలాలు సమర్పించుకుంటాం. గుండు చేయించుకున్న మరునాడు పాత హెల్మెట్ పెట్టుకుని చూడండి, అంతవరకు బిగుతుగా ఉన్నది తల మీద గుండ్రంగా తిరుగుతుంది. అందుకని కొత్తది కొనవలసిన పని లేదు. వెనుక ఉన్న చక్రాన్ని బిగించి, కొన్నప్పుడు డబ్బాలో వచ్చిన మందమైన ప్యాడ్లను లోపల అమర్చుకుంటే చాలు. వెంట్రుకలు పెరిగేకొద్దీ మళ్లీ వదులు చేసుకోవాలి. గుండు మీద గంధం రాసుకున్న రోజుల్లో అది ప్యాడ్లలోకి దిగి ఎండి గరుకుగా తయారవుతుంది, వాటిని తీసి ఉతుక్కోవాలి. చీలికల్లోంచి ఎండ నేరుగా మాడు మీద పడుతుంది కాబట్టి పలుచని నూలు టోపీ ఒకటి లోపల పెట్టుకోవచ్చు, కానీ తుండుగుడ్డ చుట్టి దాని మీద హెల్మెట్ పెట్టకండి. అది మడతలు పడి జారుతుంది, పట్టీ ఎంత బిగించినా ప్రయోజనం ఉండదు.

గ్రీమ్స్‌పేట అమ్మ:
అన్నా, మీ అమ్మాయి కోసం రాస్తున్నాను. మా పాప కూడా బడికి సైకిల్ మీదే వెళ్తుంది. బడిలో రెండు జడలు వేసి, పైకి మడిచి రిబ్బన్లతో కట్టాలంటారు. ఆ మడతలు సరిగ్గా చెవుల వెనుకకు వచ్చి పట్టీలను పక్కకు నెడతాయి, హెల్మెట్ నెమ్మదిగా వెనక్కి జరిగి నుదురంతా బయటపడుతుంది. అందుకని మేము ఇంటి దగ్గర జడలను మడవకుండా కిందికి వదిలి కడతాం, బడిలో అడుగుపెట్టాక తనే మడిచి కట్టుకుంటుంది. గట్టి క్లిప్పులు, ఎత్తు కొప్పు, ఒత్తుగా పెట్టిన మల్లెపూలు ఏవీ హెల్మెట్ కింద ఉండకూడదు.

కొనేటప్పుడు పిల్లను తప్పకుండా వెంట తీసుకువెళ్లండి. కనుబొమలకు కాస్త పైన, వెనుక భాగం బాగా ఉబ్బిన చోట మీదుగా కుట్టు టేపుతో తల చుట్టుకొలత తీసి, డబ్బా మీద రాసిన సెంటీమీటర్లతో పోల్చండి. తలకు పెట్టాక ముందు అంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి. పట్టీ పెట్టకుండానే తల అటూ ఇటూ ఊపమనండి, నుదుటి చర్మం కూడా హెల్మెట్‌తో పాటు కదిలితే కొలత సరిపోయినట్లే. చెవి కింద రెండు పట్టీలు కలిసే చోటు చెవి తమ్మెకు దిగువన రావాలి. గడ్డం కింది పట్టీకి, చర్మానికి మధ్య ఒకటి రెండు వేళ్లకు మించి ఖాళీ ఉండకూడదు. ఆవులించినట్లు నోరు పెద్దగా తెరిచినప్పుడు హెల్మెట్ పైనుంచి కొంచెం కిందికి లాగినట్లు అనిపించాలి.

ఎదిగే పిల్ల కదా అని ఒక సైజు పెద్దది తీసుకునే అలవాటు మనకు బట్టల విషయంలో ఉంది. హెల్మెట్ విషయంలో మాత్రం అది అస్సలు వద్దు.

చిన్న పిల్లలు ఉన్నవారు మరొకటి గమనించండి. సైకిల్ దిగి జారుడుబల్ల ఎక్కేటప్పుడు, చెట్లెక్కేటప్పుడు హెల్మెట్ తీసేయాలి. తల ఏదైనా సందులో ఇరుక్కుంటే గడ్డం కింది పట్టీ మెడకు ఉరి అవుతుంది. ఐరోపాలో ఇందుకోసమే, గట్టిగా లాగితే దానంతట అదే ఊడిపోయే బకిల్‌తో చిన్న పిల్లలకు ఈఎన్ 1080 అనే వేరే ప్రమాణం పెట్టారు.

బైరాగిపట్టెడ నాన్న:
అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయిని తీసుకువెళ్లి, టేపుతో కొలిచి, లోపలి స్టిక్కర్ చూసి ఇద్దరికీ తీసుకున్నాను. ఆమెకు లేత పసుపు రంగుది నచ్చింది, దూరం నుంచి కనబడుతుందని నాకూ నచ్చింది. మరి మూడు సందేహాలు ఉన్నాయి. మన వేసవి ఎండలకు ఈ థర్మాకోల్ తట్టుకుంటుందా? చెమట వాసన పోవాలంటే దేనితో కడగాలి? పక్కింటివారు తమ అబ్బాయి వాడిన హెల్మెట్‌ను మా చిన్నవాడికి ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

చిత్తూరు ఫిజిక్స్ టీచర్:
ఎండ గురించి నేను చెబుతాను. ప్రమాణ పరీక్షలలో హెల్మెట్‌ను 50 డిగ్రీల వేడిలోను, సున్నా కంటే దిగువన చలిలోను ఉంచి, ఆ తరువాతే పడేస్తారు. కనుక రేణిగుంట రోడ్డు మీద మే నెలలో తల మీద ఉన్నంత మాత్రాన దానికి ఏమీ కాదు. మూసిన కారులో, అద్దం వెనుక డ్యాష్‌బోర్డు మీద వేడి 70 డిగ్రీలు కూడా దాటవచ్చు. అక్కడ వదిలేస్తే థర్మాకోల్ కుంచించుకుపోయి పై తొడుగు నుంచి విడిపోతుంది, తొడుగు మీద బుడగలు లేస్తాయి. రేకుల షెడ్డులో పైకప్పుకు ఆనించి తగిలించడం కూడా మంచిది కాదు.

ఇంకొక మాట స్పష్టంగా చెప్పాలి. పైన నేను వేసిన లెక్క మనిషి తనంతట తాను పడిపోయే సందర్భానికి సంబంధించినది. చిత్తూరు నుంచి పలమనేరు వైపు బెంగళూరు హైవే మీద లారీ గుద్దితే ఆ రెండు సెంటీమీటర్లు ఎంతవరకు కాపాడతాయో ఎవరూ హామీ ఇవ్వలేరు. అందువల్ల హెల్మెట్ ఉందన్న ధైర్యంతో పెద్ద రోడ్డు మధ్యకు వెళ్లవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. వెనుక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు కూడా అంతే అవసరం.

కొర్లగుంట సైకిల్ మెకానిక్:
కడగడానికి చల్లని నీళ్లు, ఒళ్లు రుద్దుకునే మామూలు సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. ప్యాడ్లను తీసి చేత్తో పిండి నీడలో ఆరవేయండి. కొబ్బరినూనె పట్టిన ప్యాడ్లను రెండు సార్లు ఉతకవలసి వస్తుంది. చెయిన్ తుడిచే పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ హెల్మెట్ దరిదాపులకు రానివ్వకండి. పెట్రోలు గుడ్డతో గ్రీజు మరక తుడిస్తే లోపలి థర్మాకోల్ కరిగి గుంటలు పడటం నా చేతుల మీదుగానే చూశాను. స్ప్రే పెయింటు కొట్టడం, బోల్టుతో లైటు బిగించడం, బలమైన జిగురుతో స్టిక్కర్లు అంటించడం కూడా వద్దు.

నెలకొకసారి ప్యాడ్లు తీసి వెలుతురులో పెట్టి లోపలి వైపు చూడండి. వెంట్రుక మందం చీలిక కనిపించినా, ఒక చోట నొక్కుకుపోయినట్లు ఉన్నా, అంచులను రెండు చేతులతో నెమ్మదిగా వంచినప్పుడు కిర్రుమన్నా దానిని పక్కన పెట్టేయాలి. పట్టీ అంచులు పీచు లేచినా, బకిల్ టక్కుమని పడకపోయినా అంతే. బల్ల మీద నుంచి ఖాళీగా కింద పడితే ఇలా పరిశీలించి వాడుకోవచ్చు. తలకు ఉండగా పడితే పైకి బాగున్నట్లు కనిపించినా మార్చాల్సిందే. ఏమీ తగలకపోయినా, అమెరికా భద్రతా సంస్థ సూచన ప్రకారం ఐదు నుంచి పదేళ్లలో మార్చుకోవాలి. మన చెమటకు, ఎండకు నేనైతే ఐదేళ్లకే మార్చమంటాను.

చంద్రగిరి దారి:
పక్కింటివారి హెల్మెట్ విషయం. వారి అబ్బాయి దానితో ఎన్నడూ పడలేదని వాళ్ల అమ్మానాన్నలు కచ్చితంగా చెప్పగలిగితే, లోపల ముద్రించిన తయారీ తేదీ మరీ పాతది కాకపోతే, మీ చిన్నవాడి తల కొలతకు సరిగ్గా సరిపోతే తీసుకోవచ్చు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేలకపోయినా మర్యాదగా వద్దని చెప్పి కొత్తది కొనండి. మొదటి అంగడిలో మీరు చూసిన నాలుగు వందల రకంలో కూడా లోపల థర్మాకోల్, స్టిక్కర్ రెండూ ఉన్నవి దొరికితే దొరకవచ్చు, ప్యాడ్ ఊడదీసి చూడనివ్వమని అడగండి. చూడనివ్వని అంగడిలో మాత్రం కొనకండి.