పడమటి ఎండలో, తక్కువ నీళ్ళతో నేలను పరుచుకునే పూల మొక్కలు ఏవి?

కొంపల్లి తోట:
ఇంటి పడమటి గోడ వెంబడి 24 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు జాగా ఖాళీగా ఉంది. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఎండే. నేల మొరం, అందులో ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెళ్ళలు. లాన్ వద్దు. పూలు పూయాలి, అడుగు ఎత్తు దాటకూడదు. బోరు నీళ్ళు ఎండాకాలంలో వారానికి రెండు తడులకు మించి రావు. నర్సరీలో పసుపు పూల వెడీలియా వేయమంటున్నారు. ఇప్పుడు, మే నెలలో నాటొచ్చా?

ఎర్రచెలక:
మేలో నాటకండి. ఈ మొక్కలు నీటి ఎద్దడికి తట్టుకునేది వేరు లోపలికి దిగాకే. సంచిలోంచి తీసిన మొక్కకు వేరు నాలుగు అంగుళాల్లోనే ఉంటుంది, ఆ మేరకు మట్టి ఈ ఎండకు ఒక్క రోజులో ఎండిపోతుంది. జూన్‌లో రెండు మంచి వానలు పడి, నేల జానెడు లోతు తడిశాక నాటండి.

ఈలోపు నేల సంగతి చూడండి. అడుగు లోతు తవ్వి సిమెంటు పెళ్ళలు, సున్నం ఏరేయండి. తుంగ గడ్డి ఉంటే గడ్డలతో సహా తీయాలి. పాలిథీన్ షీటు కప్పి ఎండబెడితే కలుపు విత్తనాలు చస్తాయి గానీ తుంగ గడ్డలు పూర్తిగా చావవు. మొక్కలు అల్లుకున్నాక వాటి మధ్యలోంచి తుంగ లేస్తే పీకడం మీ తరం కాదు. తవ్విన మట్టిలో నాలుగు బస్తాల ఎర్రమట్టి, రెండు బస్తాల వర్మికంపోస్టు కలిపితే చాలు. పశువుల ఎరువు దండిగా వేస్తే ఆకే వస్తుంది, పువ్వు రాదు.

వెడీలియా చౌక, తొందరగా పరుచుకుంటుంది, కానీ నీళ్ళున్న చోట. పడమటి ఎండలో రెండు తడులతో మేలో ఆకు అంచులు మాడతాయి. పైగా ప్రతి కణుపు దగ్గరా వేరు దిగి పక్కింటి జాగాలోకి పోతుంది. నేనైతే వేయను.

గోడకు అడుగున్నర వదిలి నేలమీద పాకే లాంటానా ఒక వరస వేయండి. ఊదా లేదా తెల్ల పూల రకం అడగండి, రోడ్ల పక్కన గుబురుగా పెరిగే ముళ్ళ లాంటానా కాదు. అడుగున్నరకు ఒకటి చొప్పున 16 మొక్కలు. దాని ముందు రెండు అడుగులు వదిలి నీలి పూల బ్లూ డేజ్ ఒక వరస, అడుగుకొకటి చొప్పున 24. చివరి అంచున టేబుల్ రోజ్, జానెడు దూరంలో కొమ్మ ముక్కలు గుచ్చితే చాలు, కొనక్కర్లేదు. లాంటానా ఆకు, కాయ విషం. ఇంట్లో ఆకులు కొరికే పెంపుడు జంతువు ఉంటే ఆ వరస మానేయండి. దాని బదులు పొట్టి రకం బిళ్ళగన్నేరు వేద్దామనుకోకండి, అదీ విషమే. బ్లూ డేజే రెండు వరసలు వేసుకోండి.

మట్టిగడ్డ:
పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను. సిటీ నర్సరీలకు చాలా మొక్కలు కడియం నుంచి వస్తాయి. వేరు చుట్టూ గోదావరి బంకమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే మొరంలో పాతితే ఆ ముద్ద ఎండి ఇటుకలా బిగుసుకుంటుంది. పోసిన నీళ్ళు దాని పక్కనుంచి జారిపోతాయి. పైన నేల తడిగా కనిపిస్తుంది, మొక్క మాత్రం వాడుతుంది. చూసినవాళ్ళు ఇంకా నీళ్ళు పోస్తారు.

సంచి కోసి ముద్దను అరగంట బకెట్ నీళ్ళలో నానబెట్టండి. మెత్తబడ్డాక చేతివేళ్ళతో చుట్టూ అంగుళం మందాన మట్టి కడిగేసి, వేరు కొసలు బయట కనిపించేలా చేసి నాటండి. కొన్ని వేర్లు తెగుతాయి, పర్లేదు, పై కొమ్మలు మూడో వంతు కత్తిరించండి. కొబ్బరిపొట్టులో పెంచిన మొక్కైనా నానబెట్టే నాటాలి. పొట్టు ఒకసారి పూర్తిగా ఎండితే నీళ్ళు పట్టదు.

డ్రిప్పు రాయుడు:
తడి లెక్క. 16 ఎంఎం ఇన్‌లైన్ పైపు, అడుగుకొక డ్రిప్పర్, గంటకు 4 లీటర్లది, రెండు వరసలు వేయండి. మొత్తం 48 డ్రిప్పర్లు, గంట నడిస్తే దాదాపు 190 లీటర్లు. వారానికి రెండుసార్లు గంట చొప్పున చాలు. రోజూ పది నిమిషాలు ఇస్తే వేరు పైపైనే తిరుగుతుంది, ఒక్క వారం మోటారు చెడితే అన్నీ పోతాయి. నాటిన మొదటి ఆరు వారాలు మాత్రం వాన లేని రోజుల్లో రెండు రోజులకోసారి ఇవ్వండి. బోరు నీళ్ళ ఉప్పుకి డ్రిప్పర్లు మూసుకుంటాయి, నెలకోసారి పైపు చివర మూత తీసి నీళ్ళు వదలండి.

ఎర్రచెలక:
నిజానికి ఇక్కడ ఎండకంటే ఆగస్టు, సెప్టెంబరు ముసురుకే ఎక్కువ మొక్కలు పోతాయి. టేబుల్ రోజ్ ముందుగా కుళ్ళుతుంది, కాడ మొదట్లో గోధుమ రంగు తిరిగి మెత్తబడుతుంది. గోడ నుంచి బయటికి నీరు పోయేలా 4 అడుగులకు రెండు అంగుళాల వాలు పెట్టండి. టేబుల్ రోజ్ కింద ఆకుల మల్చింగ్ వద్దు, సన్న కంకర పరచండి. మిగతా వరసలకు రెండు అంగుళాల ఎండుటాకులు సరే, కాడలకు తగలనీయకండి.

కొంపల్లి తోట:
గేటు దగ్గర వేపచెట్టు కింద మూడు గంటలే ఎండ. అక్కడా బ్లూ డేజేనా? సిమెంటు పూర్తిగా పోకపోతే ఏమవుతుంది?

మట్టిగడ్డ:
ఆ నీడలో బ్లూ డేజ్ సాగిపోతుంది, పూయదు. ఊదా ఆకుల ట్రాడెస్కాన్షియా వేయండి, చిన్న గులాబీ రంగు పూలు వస్తాయి. ఎండ తగ్గితే ఊదా రంగు కాస్త పచ్చబారుతుంది, అంతే. రసం తగిలితే కొందరికి దురద, కత్తిరించేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి.

సిమెంటు మిగిలితే లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. అది ఇనుము లోపం. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కలిపి, సాయంత్రం పూట, వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. కలిపిన నీళ్ళు ఆ రోజే వాడేయాలి, నిల్వ ఉంచితే తుప్పు రంగు తిరిగి పనిచేయదు.