వడ్లంగి పిట్టా, వడ్రంగి పిట్టా?

మా జేజిది రాపూరు. కొబ్బరి చెట్టు మీద టకటకమని వినపడితే "వడ్లంగి పిట్ట వచ్చిందిరా" అనేది. మా పాప పుస్తకంలో 'వడ్రంగి పిట్ట' అని ఉంది. జేజి మాట చెప్తే "తప్పు నాన్నా" అని నన్నే దిద్దింది. ఏది సరైంది? ఇంకో డౌటు. పుస్తకంలో బొమ్మకి తల మీద విసనకర్ర లాంటి జుట్టు, సన్నటి వంపు ముక్కు ఉన్నాయి. మా తోటలోది అట్లా ఉండదే!

— జేజి మాట తప్పేం కాదన్నా. రెండు రూపాలూ నిఘంటువుల్లో ఉన్నాయి. సంస్కృతంలో కొయ్యపని వాడు 'వర్ధకి', మన మాట దాన్నుంచే వచ్చిందంటారు. మా కావలి పక్క ఇప్పటికీ 'వడ్లోళ్లు' అనే పిలుస్తారు. తప్పంతా ఆ బొమ్మది. అది కూకుడు గువ్వ. నేల మీద నడుస్తూ మట్టిలో పురుగులు ఏరుకునే పిట్ట, మాను తొలవదు. జుట్టు చూసి దీన్నే వడ్రంగి అనుకునేవాళ్లు చాలామంది, టీచర్లతో సహా. మీ కొబ్బరి చెట్టు మీదిది బంగారు రంగు వీపు, ఎర్ర కుచ్చు ఉన్నదే అయ్యుంటుంది.

— అమరకోశంలో దీని పేరు 'దార్వాఘాటం', అంటే దారువును కొట్టేది. సంస్కృతం దెబ్బను చూసింది, తెలుగు పనితనాన్ని చూసింది. నా ఓటు తెలుగుకే. ముక్కు ఉలి లాంటిది. రెండు వేళ్లు ముందుకి, రెండు వెనక్కి పెట్టి మానుని పట్టుకుంటుంది. బిరుసు తోకని ఆనించి కూర్చుంటుంది. అది తొలిచి వదిలేసిన తొర్రల్లో తర్వాత గోరింకలు, చిలకలు కాపురం పెడతాయి.

— తోక ఆనించకుండా, తలకిందులుగా మాను దిగే పిట్ట ఇంకోటి ఉంది సార్, నట్‌హాచ్. మన దేశంలో ఇటుక రంగు పొట్ట ఉన్న రకం తొర్ర మూతికి మట్టి మెత్తి, తను దూరేంత సందే ఉంచుకుంటుంది. దీన్నీ వడ్రంగి అంటే ఎట్లా? 'తాపీ పిట్ట' అందామా?

— బాగుంది, కానీ మేస్త్రీలు ఒప్పుకోవాలి!

— పాపకి అన్నీ చదివి వినిపించా. పుస్తకంలో బొమ్మ కింద పెన్సిల్‌తో 'కూకుడు గువ్వ' అని రాసుకుంది. పైన 'వడ్రంగి' మాత్రం కొట్టెయ్యలేదు, పరీక్షలో మార్కులు పోతాయంట.