గృహజ్యోతి: కిరాయిదారు రేషన్ కార్డును ఓనర్ మీటరుకు జత చేయాలా, వద్దా?

పై_పోర్షన్:
తెలంగాణలో 2024 మార్చి బిల్లుల నుంచి గృహజ్యోతి అనే ఉచిత కరెంటు పథకం నడుస్తోంది. తెల్ల రేషన్ కార్డు ఉండి నెలకు 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు. కిరాయికి ఉండేవాళ్లకూ వర్తిస్తుందని విద్యుత్ సంస్థలే చెప్పాయి. అయినా హైదరాబాద్ శివార్లలో చాలామంది ఓనర్లు కార్డు జత చేసుకోవడానికి బిల్లు కాగితం కూడా చూపించరు. సబ్‌మీటరు రీడింగ్ చూసి యూనిట్‌కు 8 రూపాయలు వసూలు చేస్తారు. కార్డు కిరాయిదారుది, వాడకమూ కిరాయిదారుదే. మరి ఓనర్‌కు అభ్యంతరం దేనికి?

బోడుప్పల్_ఓనర్:
అభ్యంతరం ఏమీ లేదండీ, అసలు లెక్కే కుదరదు. మూడు పోర్షన్లకు ఒకే సర్వీసు (కరెంటు కనెక్షన్) ఉన్న ఇల్లు మాది. మామూలు నెలల్లోనే 240, 250 యూనిట్లు వస్తుంది. 200 మీద ఒక్క యూనిట్ పెరిగినా జీరో బిల్లు పోయి మొత్తం కట్టాల్సిందే. అలాంటప్పుడు ఎవరి కార్డు జత చేస్తే ఏం లాభం? ముగ్గురు కిరాయిదారులకూ కార్డులున్నాయి. ఒకరిది పెడితే మిగతా ఇద్దరితో గొడవ.

అల్వాల్_2:
201 వస్తే ఆ ఒక్క యూనిట్‌కే కడితే సరిపోదా?

స్లాబ్_లెక్క:
సరిపోదు. ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి, అదీ పై స్లాబులో. 200 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీ మొదటి 100కి 3.40 చొప్పున, తర్వాతి 100కి 4.80 చొప్పున, మొత్తం 820 రూపాయలు. 200 దాటితే మొదటి 200 యూనిట్లకూ 5.10 పడుతుంది, ఆపైన 300 దాకా 7.70. అంటే 201 యూనిట్లకు 1,027.70. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ దీనిమీద అదనం. జీరో బిల్లు అందుకుంటున్న ఇంటికి ఆ ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయల పైమాటే.

ఇక ఓనర్ గారి 245 యూనిట్ల సంగతి. మూడు పోర్షన్ల వాడకం 80, 75, 90 అనుకుందాం. ఒకే మీటరు మీద 200 × 5.10 = 1,020, 45 × 7.70 = 346.50, కలిపి 1,366.50. అదే మూడు వేరు మీటర్లయితే ఎవరి వాడకమూ వంద దాటదు కాబట్టి మొదటి 50కి 1.95, తర్వాతి 50కి 3.10 రేటు. 80కి 190.50, 75కి 175, 90కి 221.50. మొత్తం 587. గృహజ్యోతి ఊసే లేకుండా వచ్చిన తేడా ఇది. మీటరుకు మీటరుకు ఫిక్స్‌డ్ ఛార్జీలు కలిపినా చాలా మిగులుతుంది. గృహజ్యోతి కూడా వస్తే మూడూ జీరో.

బోడుప్పల్_ఓనర్:
లెక్క కాగితం మీద బాగుంది. మూడు మీటర్లు పెట్టించాలంటే డిపాజిట్ ఎవరు కడతారు, వైరింగ్ ఎవరు మారుస్తారు? నేను అడిగింది ఇప్పుడున్న ఒక్క మీటరు గురించి. దానిమీద 200 దాటుతుంది. దాటేదానికి కార్డు జత చేసి ఏం చేస్తారు?

వైర్‌మన్_ఖమ్మం:
వేరు మీటరు కావాలంటే పోర్షన్‌కు వేరే దర్వాజ, వేరే వంటగది ఉండాలె. ఆఫీసోళ్లు వచ్చి చూసేది అదే. అసలు తిప్పలు వైరింగుల ఉంటది. పాత ఇండ్లల్ల ఫేజులు (కరెంటు వచ్చే వైర్లు) వేరు చేసి న్యూట్రల్ (తిరిగి పోయే వైరు) మాత్రం అన్ని పోర్షన్లకు ఒక్కటే కలిపి ఉంచుతరు. దాన్ని అట్లనే ఉంచి కొత్త మీటరు పెడితే ఒక పోర్షన్ కరెంటు ఇంకో దాని న్యూట్రల్ నుంచి తిరిగి పోతది. మీటరు మీద ఎర్త్ లైటు వెలుగుతది, వాడని కరెంటుకు గూడ రీడింగ్ ఎక్కుతది, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు) పెట్టి ఉంటే మాటిమాటికి పడిపోతది.

పరీక్ష చాలా సులువు. ఒక పోర్షన్ మెయిన్ స్విచ్చు ఆఫ్ చేసి ఆ మీటరు మీద కొట్టుకునే చిన్న ఎర్ర లైటు చూడాలె. అది ఆగకపోతే ఎక్కడో కలిసి ఉన్నట్టే. జంక్షన్ బాక్సులు విప్పి ప్రతి పోర్షన్‌కు ఫేజు, న్యూట్రల్ జంటగా విడదీయాలె. మోటారు, మెట్ల లైటు ఏ మీటరు మీదికి పోవాలెనో ముందే తేల్చుకోవాలె. తర్వాత తేలుద్దామంటే తేలదు.

కొత్తపేట_చర్చ:
కింద షట్టరులో కిరాణా షాపు ఉంటే దానికీ ఇంటి మీటరు నుంచే ఇవ్వొచ్చా?

స్లాబ్_లెక్క:
వద్దు. ఇంటి సర్వీసు నుంచి షాపుకు వైరు లాగితే విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 126 కింద అనధికార వాడకమే. అసలు వర్తించాల్సిన టారిఫ్‌కు రెట్టింపు వేస్తారు. ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే 12 నెలలకు లెక్క కడతారు. ఆ నోటీసు సర్వీసు ఎవరి పేరున ఉందో వాళ్లకే వస్తుంది.

సేవాకేంద్రం_సాయం:
పని జరిగే తీరు చెప్తాను. చాలా దరఖాస్తులు చిన్న తప్పులతోనే ఆగిపోతున్నాయి.

ఎంపీడీవో ఆఫీసులో లేదా మున్సిపల్, జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వొచ్చు. రేషన్ కార్డు, ఆధార్, తాజా కరెంటు బిల్లు తీసుకెళ్లాలి. బిల్లు మీద మూడు రకాల నంబర్లుంటాయి: సర్వీసు నంబరు, యూఎస్‌సీ నంబరు (ఒక్కో కనెక్షన్‌కు ఉండే ప్రత్యేక నంబరు), మీటరు నంబరు. రాయాల్సింది యూఎస్‌సీ. మీటరు పెట్టె మీద ముద్రించిన నంబరు చూసి రాసుకొచ్చేవాళ్లే ఎక్కువ. ఆ నంబరు సిస్టంలో దొరకదు, దరఖాస్తు అలాగే పడి ఉంటుంది. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన దరఖాస్తుల కార్యక్రమంలో ఇచ్చిన ఫారాల్లో కూడా ఈ పొరపాటు చాలా కనబడింది. ఆ ఫారంలో గృహజ్యోతి కింద అడిగినవి రెండే: నెలవారీ వాడకం, మీటరు కనెక్షన్ నంబరు. ఓనర్ సంతకానికి గడి లేదు.

ఒక కార్డుకు ఒక సర్వీసే. ఇల్లు మారినప్పుడు పాత యూఎస్‌సీ తీయించి కొత్తది పెట్టించుకోవాలి. పాత బకాయి ఉంటే అది జీరోలో కలిసిపోదు, కట్టాల్సిందే. జత అయిందో లేదో తర్వాతి బిల్లే చెప్తుంది. యూనిట్లు, మొత్తం, సబ్సిడీ తీసివేత, కట్టాల్సింది సున్నా అని వరుసగా కనబడాలి.

బోడుప్పల్_ఓనర్:
ఇల్లు మారినప్పుడు తీయించుకోవాలి అన్నారు. ఎవరు తీయిస్తారు మేడమ్? రాత్రికి రాత్రి సామాను సర్దుకుని నెల కిరాయి ఎగ్గొట్టి వెళ్లినవాళ్లను చూశాం. వాళ్ల కార్డు నా మీటరు మీదే ఉండిపోతే కొత్తగా వచ్చేవాళ్లకు ఎలా పెట్టాలి? రేపు ఆ జత కాగితం చూపించి ఇల్లు మాది అంటే? పన్నెండేళ్లుంటే ఇల్లు వాళ్లదేనట.

స్లాబ్_లెక్క:
పన్నెండేళ్ల మాట కిరాయిదారుకు వర్తించదు. అది ఓనర్ హక్కును కాదని, బాహాటంగా ఆక్రమించి ఉన్నవాళ్ల విషయం. కిరాయికి దిగినవాడు ఓనర్ అనుమతితోనే ఉన్నాడు. దిగిన నాటికి ఇల్లు ఓనర్‌ది కాదని తర్వాత వాదించే వీలు సాక్ష్య చట్టమే ఇవ్వదు. పాత చట్టంలో సెక్షన్ 116 అది. కరెంటు బిల్లు హక్కు పత్రం కూడా కాదు. మీకు నిజంగా రక్షణ ఇచ్చేది రాతపూర్వక అగ్రిమెంటు.

పై_పోర్షన్:
అసలు విషయం అడుగుతాను సార్. మీరు ప్రతిసారీ 200 దాటుతుందనే అంటున్నారు. చలికాలంలో ఫ్యాన్లు ఆగాక మూడు పోర్షన్లకు ఎంత వస్తుంది? అప్పుడు మీ మీటరు మీద ఎవరి కార్డు ఉంది?

బోడుప్పల్_ఓనర్:
180 వస్తుంది. మా అమ్మగారి కార్డు ఉంది. అందులో దాచేదేముంది? ఇల్లు ఆమె పేరునే ఉంది.

పై_పోర్షన్:
అంటే ఆ నెల మీకు బిల్లు సున్నా. పోర్షన్ల నుంచి యూనిట్‌కు 8 చొప్పున 1,440 రూపాయలు వస్తున్నాయి. ప్రభుత్వం ఇచ్చిన కరెంటును కూలి పని చేసుకునేవాళ్లకు మీరు అమ్ముతున్నారు. ఇది అన్యాయం.

బోడుప్పల్_ఓనర్:
మాట జాగ్రత్త. నేను దొంగతనం చేయలేదు. మోటారు, మెట్ల లైటు, ట్యాంకు కడిగించడం, వైరు కాలితే మార్పించడం, ఇవన్నీ ఎవరు కడుతున్నారు? డిపాజిట్ నాది, సర్వీసు మాది, స్థలం మాది. పథకం ఇంటికి ఇచ్చారు. పదకొండు నెలలకోసారి వచ్చిపోయేవాళ్లకు కాదు.

వైర్‌మన్_ఖమ్మం:
ఒక హెచ్‌పీ మోటారు గంట నడిస్తే ముప్పావు నుంచి ఒక యూనిట్. రోజుకు గంట చొప్పున నెలకు ముప్పై లోపే. మెట్ల కాడ 9 వాట్ల ఎల్‌ఈడీ రాత్రంత వెలిగినా మూడు నాలుగు యూనిట్లు. ఇవి 1,440 కావు.

పై_పోర్షన్:
ఇప్పుడు తేలింది మన తగాదా ఎక్కడుందో. మీ లెక్కలో పథకం ఇంటికి, నా లెక్కలో వాడేవాళ్లకు. ఇంటికే అయితే ఇంటి పన్ను రసీదు అడిగేవాళ్లు. అడిగింది రేషన్ కార్డు. కార్డు లేని ఓనర్‌కు సొంత ఇల్లున్నా జీరో బిల్లు రాదు. కార్డున్న కిరాయిదారుకు సెంటు జాగా లేకపోయినా వస్తుంది.

సేవాకేంద్రం_సాయం:
ఓనర్ గారి అమ్మగారు ఆ మీటరు కరెంటే వాడుతుంటే ఆ కార్డు ఉండడం సబబే. వేరే మీటరున్న చోట ఉంటూ ఇక్కడ కార్డు పెడితే ఆమెకే నష్టం. ఒక కార్డుకు ఒక సర్వీసే కాబట్టి ఉంటున్న ఇంటికి జీరో పోతుంది. ఆమె ఎక్కడ ఉంటున్నారు?

బోడుప్పల్_ఓనర్:
మా తమ్ముడి దగ్గర. అక్కడ వాళ్లకు 300 దాటుతుంది, ఎలాగూ రాదు.

పై_పోర్షన్:
అందుకే ఇక్కడ పెట్టారు.

విజయవాడ_అద్దె:
మా వైపు ఇలాంటి పథకం లేదా?

స్లాబ్_లెక్క:
ఆంధ్రలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 200 యూనిట్ల లోపు ఉచితం ఉంది, అందరికీ కాదు. ఇదే పేరుతో కర్ణాటకలో ఉన్నదాని నిబంధన వేరు. అక్కడ పాత సగటు వాడకానికి కొంత కలిపి పరిమితి కడతారు. అక్కడి లెక్కలు చూసి ఇక్కడ అడగొద్దు.

ఓనర్ గారూ, మీ భయాల్లో ఒకటి మాత్రం నిజమైనదే. వెళ్లిపోయినవాళ్ల కార్డు మీటరు మీద మిగిలిపోవడం. దానికి అగ్రిమెంటులో మూడు మాటలు చాలు. ఒకటి, ఫలానా యూఎస్‌సీకి కిరాయిదారు కార్డు జత చేసుకోవచ్చు. రెండు, ఖాళీ చేసే ముందు తీయించి రుజువు చూపాకే అడ్వాన్సు వాపసు. మూడు, 200 దాటిన నెల బిల్లు కిరాయిదారే కట్టాలి. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందుకే అందరూ పదకొండు నెలలకు రాసుకుంటారు. మీరూ అలాగే రాసుకోండి. తీసుకున్న డబ్బుకు రసీదు ఇవ్వండి.

అల్వాల్_2:
కార్డు అడిగినందుకు ఓనర్ కరెంటు తీసేస్తే?

స్లాబ్_లెక్క:
1960 నాటి అద్దె నియంత్రణ చట్టం సౌకర్యాలు ఆపడాన్ని ఒప్పుకోదు. కానీ నగరపాలక సంస్థల్లో నెల కిరాయి 3,500 దాటితే ఆ చట్టం వర్తించదు. అంటే హైదరాబాదులో చాలా ఇళ్లు బయటే. అప్పుడు అగ్రిమెంటు పట్టుకుని సివిల్ కోర్టుకు వెళ్లాలి. బిల్లులో తప్పులుంటే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. జత కాకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు అడగాలి.

కొత్తపేట_చర్చ:
నీళ్ల బిల్లుకూ ఏమైనా ఉందా?

సేవాకేంద్రం_సాయం:
జీహెచ్‌ఎంసీ పరిధిలో 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. నల్లా మీటరు పనిచేస్తూ ఉండాలి, క్యాన్ నంబరుకు (నల్లా కనెక్షన్ ఖాతా నంబరు) ఆధార్ జత కావాలి. అపార్టుమెంటులో ఫ్లాటు ఫ్లాటుకూ జత చేయాలి. చేయని ఫ్లాటు వాటా బిల్లులోకి వస్తుంది. దాన్ని మెయింటెనెన్సులో అందరి మీదా పంచేస్తారు.

బోడుప్పల్_ఓనర్:
సరే. పై రెండు పోర్షన్లకూ వేరు మీటర్లు పెట్టిస్తాను. వాళ్ల కార్డులు వాళ్లే పెట్టుకోనీ. కానీ కిరాయి 500 పెంచుతాను. వైరింగు ఖర్చు నా జేబులోంచి పోతుంది కదా.

పై_పోర్షన్:
పెంచండి. ఆ 500ను కిరాయి అనే రాయండి, కరెంటు అని రాయకండి. అప్పుడు కిరాయిదారు పక్క వీధి ఇంటితో పోల్చుకుని ఉండాలో వెళ్లాలో తేల్చుకుంటాడు. అమ్మగారి కార్డు సంగతి మాత్రం నేను వదలను. ఆమె ఆ ఇంట్లో లేరు.

బోడుప్పల్_ఓనర్:
కింద పోర్షన్ మీటరు ఆమె పేరున ఉంది, ఆమె కార్డే ఉంటుంది.

పై_పోర్షన్:
కింద పోర్షన్‌లో ఉండేవాళ్లకూ కార్డు ఉందని మొదట మీరే రాశారు.

వైర్‌మన్_ఖమ్మం:
అన్నా, మీటర్లు పెట్టించేముందు మోటారు ఏ మీటరు మీదికి పోతదో రాసుకోండ్రి. కింద పోర్షన్ మీద పెడితే ఆ ముప్పై యూనిట్లతో వాళ్లది ఎండకాలంల 200 దగ్గరికి పోతది. కూలరు ఒక్కటే పది గంటలకు రెండు యూనిట్లు, నెలకు అరవై తింటది.