ఫోను చేతికొచ్చాక ఇంట్లో కన్సోల్‌కు చోటుందా? మీ అనుభవాలు చెప్పండి

కేసెట్_కాలంవాడు (సికింద్రాబాద్):
మా అబ్బాయికి పదమూడేళ్లు. రెండేళ్లుగా ఫోనులో బీజీఎంఐ అనే కాల్పుల ఆట ఆడుతున్నవాడు ఇప్పుడు సోనీ పీఎస్5 కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే ఆటల యంత్రం) కొనమని అడుగుతున్నాడు. ఇరవై వేల ఫోనులో ఇన్ని ఆటలు ఉచితంగా దొరుకుతుంటే యాభై వేలు దాటిన పెట్టె దేనికని అడిగాను. ‘ఫోనులో ఆట ఎప్పటికీ అయిపోదు నాన్నా, నాకు ఒక్క ఆటైనా చివరిదాకా ఆడాలనుంది’ అన్నాడు. ఆ మాట నన్ను వదలడం లేదు. నేను తొంభైల్లో పెరిగినవాణ్ణి. టీవీకి తగిలించే నకిలీ ఫామికామ్ (నింటెండో పాత ఆటల పెట్టె)లో కేసెట్ పనిచేయకపోతే తీసి, అడుగున నోటితో ఊది, మళ్లీ నొక్కి, తమ్ముడితో కలిసి కాంట్రా ఆట పూర్తిచేసిన రోజు నాకింకా గుర్తుంది. అయినా ఇంత డబ్బు పోసి కొన్నాక, ఫోన్ల ధాటికి నాలుగేళ్లలో అది మూలపడుతుందేమోనన్న అనుమానం పీడిస్తోంది. వాడినవారు చెప్పగలరు.

పాత_పార్లర్ (గుంటూరు):
2011 నుంచి 2019 వరకు నేను బ్రాడీపేటలో చిన్న గేమింగ్ పార్లర్ నడిపాను. నాలుగు పీఎస్2లు, రెండు పీఎస్3లు ఉండేవి; గంటకు ముప్ఫై రూపాయలు తీసుకునేవాణ్ణి. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడు పెద్దగా తేడా కనిపించలేదు. 2018లో పబ్జీ మొబైల్ వచ్చాక మాత్రం, ఫుట్‌బాల్ ఆటకు వంతు కోసం గొడవపడిన కుర్రాళ్లే నా షాపు మెట్లమీద కూర్చుని ఫోనులో ఆడుకుంటూ, చార్జర్ పెట్టుకోవడానికి ప్లగ్ పాయింటు ఉందా అని మాత్రం లోపలికి వచ్చి అడిగేవారు. ఏడాది తిరక్కుండానే షాపు మూసేశాను. అయితే ఆ కుర్రాళ్లలో ముగ్గురు ఉద్యోగాల్లో చేరి సొంతంగా కన్సోళ్లు కొనుక్కున్నారు. గంట లెక్కన అద్దెకు ఆడే మా వ్యాపారం పోయింది గానీ, ఆ ఆటల మీద మోజు పోలేదని వాళ్లను చూస్తే తెలుస్తుంది.

డాలస్_తెలుగు:
అన్నగారూ, మీ అనుమానం కొత్తదేమీ కాదు; 2011లో ఇక్కడ అందరూ అదే మాట అన్నారు. ఆ ఏడాది నింటెండో చేతిలో పట్టుకుని ఆడే 3డీఎస్ యంత్రాన్ని 250 డాలర్లకు విడుదల చేసి, అమ్మకాలు లేక ఆరు నెలలైనా గడవకముందే 170కి తగ్గించింది. అంతకుముందు వచ్చిన పాత రకం డీఎస్ 15 కోట్లకు పైగా అమ్ముడైతే, 3డీఎస్ దాదాపు 7.6 కోట్ల దగ్గర ఆగిపోయింది. జేబులో ఫోను ఉన్నవాడు ఆట కోసం మరో యంత్రం మోయడని అప్పట్లో నేనూ నమ్మాను. 2017 మార్చిలో నింటెండో తెచ్చిన స్విచ్ కన్సోల్ నా నమ్మకాన్ని తలకిందులు చేసింది. అందులో ఉన్న టెగ్రా ఎక్స్1 చిప్ టాబ్లెట్లలో వాడే కోవకు చెందినదే. దానికి చిన్న ఫ్యాను, నిజమైన మీటలు జోడించి, ఇంటికి రాగానే టీవీకి తగిలించుకునే ఏర్పాటు చేశారు. దానికి ముందు వచ్చిన నింటెండో కన్సోల్ వీ యూ కోటిన్నర కూడా అమ్ముడుపోని చోట, స్విచ్ 15 కోట్లు దాటింది. కన్సోల్‌ను మింగేస్తుందనుకున్న ఫోన్ల సాంకేతికతే దాన్ని నిలబెట్టిందని నేనంటాను. 2025 జూన్‌లో స్విచ్ 2 కూడా వచ్చింది.

నన్ను కలవరపెట్టేది ధర. 2000లో 299 డాలర్లకు వచ్చిన పీఎస్2, 2009 నాటికి 99కి దిగింది. అందుకే మధ్యతరగతి ఇళ్లకు చేరింది. 2020లో 499 డాలర్లున్న పీఎస్5 మాత్రం 2025 ఆగస్టులో 549 అయింది. మన దేశంలోనూ 49,990తో మొదలై 54,990కి పెరిగింది. పాతబడేకొద్దీ ఖరీదు పెరిగే పెట్టెను పిల్లవాడికి మొదటి యంత్రంగా ఎవరు కొనిస్తారు?

విశాఖ_విద్యార్థి:
నేను రెండింటిలోనూ ఆడతాను. గెన్‌షిన్ ఇంపాక్ట్ అనే ఆటను ఒకే ఖాతాతో కాలేజీ బస్సులో ఫోను మీద, రాత్రి హాస్టల్లో మిత్రుడి పీఎస్5 మీద ఆడుతుంటాను కాబట్టి తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఏప్రిల్ ఉక్కపోతలో ఇరవై నిమిషాలు ఆడేసరికి ఫోను వెనకభాగం కాలుతుంది, తెర వెలుగు దానంతటదే తగ్గుతుంది, కత్తి దూసే సమయానికి బొమ్మ తడబడుతుంది. చిప్ బలహీనమైనదేమీ కాదు; ఐఫోన్ 15 ప్రోలో రెసిడెంట్ ఈవిల్ విలేజ్ వంటి కన్సోల్ ఆటలే నడుస్తున్నాయి. ఆ వేడిని బయటికి నెట్టే ఫ్యాను లోపల లేదు, అంతే. పైగా ఆడుతున్న బొటనవేళ్లే సగం తెరను కప్పేస్తాయి.

మీ అబ్బాయి మాటలో పెద్ద వ్యాపార రహస్యం ఉంది. ఫోనులో ఆట ఉచితం కాబట్టి, మనిషి రోజూ తిరిగివచ్చి ఎప్పుడో ఒకప్పుడు కొంత ఖర్చుపెడితేనే కంపెనీకి గిట్టుబాటు. అలాంటి ఆటకు ముగింపు పెడితే ఆదాయమూ ముగుస్తుంది. 2016 డిసెంబరులో నింటెండో సూపర్ మారియో రన్‌ను తెచ్చి, ఒక్కసారి పది డాలర్లు కడితే మొత్తం ఆట మీదేనని చెప్పింది. కోట్లమంది దించుకున్నా, ఆశించినంత లాభం రాలేదని కంపెనీయే ఒప్పుకుంది. కథ మొదలై, నడిచి, ముగిసే ఆటను ముందే డబ్బు కట్టి కొనే అలవాటు కన్సోళ్ల దగ్గరా కంప్యూటర్ల దగ్గరా మిగిలింది. ఆ అలవాటు ఉన్నంతకాలం కన్సోల్ ఉంటుందని నా అంచనా.

పాత_పార్లర్ (గుంటూరు):
ఒక చిన్న సలహా. ఏది కొన్నా డిస్క్ పెట్టుకునే రకమే కొనండి. కొత్త ఆట ఐదు వేల దాకా ఉంటుంది. పూర్తయ్యాక డిస్క్ అమ్మితే కొంత డబ్బు తిరిగి వస్తుంది, డౌన్‌లోడ్ చేసినదాన్ని అమ్మడానికి వీలుండదు.

కేసెట్_కాలంవాడు (సికింద్రాబాద్):
అందరికీ కృతజ్ఞతలు. డాలస్ తమ్ముడు చెప్పిన ధరల లెక్క విన్నాక పీఎస్5 ఆలోచన ప్రస్తుతానికి మానుకుని, నిన్న సీటీసీకి (ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లి వాడిన పీఎస్4 ఒకటి, రెండు డిస్కులు తెచ్చాను. మావాడు ఆట లోడవుతున్నంతసేపూ పక్కనున్న ఫోనులో స్నేహితులకు జవాబులిస్తూనే ఉన్నాడు. అది మానేస్తాడని నేనూ అనుకోలేదు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. కంట్రోలర్ ఎడమవైపు స్టిక్ ముట్టుకోకపోయినా ఆటలోని మనిషి నెమ్మదిగా పక్కకు నడిచిపోతున్నాడు. ఇది దుమ్ము తుడిస్తే పోయేదేనా, లేక లోపలి భాగం మార్పించాలా? ఎవరైనా బాగుచేయించి ఉంటే ఎంత అయిందో చెప్పండి.