"పేగన్" అని రాయొచ్చా?

పాతనాణెం: రోమన్ చక్రవర్తి జూలియన్ (361–363) మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ఆయన క్రైస్తవులను పట్టుబట్టి "గలిలయులు" (యేసు పెరిగిన గలిలయ ప్రాంతంవాళ్ళు) అనేవాడు. క్రైస్తవం వదిలి పాత దేవుళ్ళవైపు వెళ్ళాడని వాళ్ళు ఆయనకు "మతభ్రష్టుడు" అని పేరు పెట్టారు. మరి పాత దేవుళ్ళను కొలిచినవాళ్ళను "పేగన్లు" అంటే ఫర్వాలేదా? తిట్టని విన్నాను.

గోదారిగట్టు: తిట్టేనండీ. లాటిన్‌లో పగానుస్ అంటే పల్లెటూరివాడు. మనం "పల్లెటూరి బైతు" అనమూ, అలాంటిదే. వద్దు.

చౌరస్తా: అంత తేలిగ్గా తేల్చకండి. సైనికుల వాడుకలో పగానుస్ అంటే సైన్యంలో లేని మామూలు మనిషి. క్రీస్తు సైన్యంలో చేరనివాడు అనే అర్థంలో వచ్చిందని వాదించిన పండితులున్నారు. అయినా ఎగతాళి ఒకవైపే ఉందా? రోమ్‌లో పలాటిన్ కొండ మీద 1857లో ఒక గోడగీత బయటపడింది. సిలువ మీద గాడిద తల మనిషి, పక్కన చెయ్యెత్తిన కుర్రాడు, కింద గ్రీకులో "అలెక్సమెనోస్ దేవుణ్ణి కొలుస్తున్నాడు" అని. ఆ కుర్రాణ్ణి తోటివాళ్ళు ఎంత ఏడిపించి ఉంటారో!

గోదారిగట్టు: ఆకతాయి గీత వేరు, చట్టం వేరు. 438 నాటి క్రైస్తవ చక్రవర్తి థియోడోసియస్ చట్టసంహితలో "పగానులు, బలులు, గుళ్ళు" అని ఒక శీర్షికే ఉంది. దాని కింద ఉన్నవి శిక్షలు. గోడ మీది గీతకు ఎవరూ జరిమానా కట్టలేదు కదా.

చౌరస్తా: అంతకుముందు క్రైస్తవుడన్న పేరుకే ప్రాణాలు తీశారు, అది మరిచిపోతే ఎలా? స్ముర్న (ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్) ఊళ్ళో ముసలి బిషప్ పోలికార్పును "నాస్తికులు నశించాలి" అనమన్నారు. రోమన్ల దేవుళ్ళను ఒప్పుకోనివాడు వాళ్ళ లెక్కలో నాస్తికుడు. ఆయన స్టేడియంలోని జనం వైపు చెయ్యి చూపించి మరీ ఆ మాటే అన్నాడట. తిట్టును తిప్పికొట్టడమంటే అదీ!

వేపచెట్టు: మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. గలిలయుడన్నా పగానుస్ అన్నా ఎత్తిపొడుపు ఒకటే: మారుమూలోడివి, నీకేం తెలుసు అని. "క్రైస్తవులు" కూడా అంతియొకయలో బయటివాళ్ళు పెట్టిన పేరేనంటారు. తేడా ఏంటంటే, దాన్ని వీళ్ళు సొంతం చేసుకున్నారు.

పాతనాణెం: "అన్యులు" అని రాద్దామా అంటే అది ఇంకా ఘోరం. జూలియన్ తనవాళ్ళను "హెల్లెనులు" అనేవాడు, వ్యాసంలో ఆయన వర్గానికి అదే వాడతాను. చిక్కల్లా రోమ్ సెనేటర్లతోనే. వాళ్ళను గ్రీకు పేరుతో పిలిస్తే ఊరుకునేవాళ్ళా?