అప్‌డేట్: నానోపీబీలో స్టేషన్ పేరు ఎందుకు పోతున్నదో తెలిసింది

మైక్రోకంట్రోలర్ నుండి ఉష్ణోగ్రతను, స్టేషన్ పేరును నానోపీబీతో (డేటాను ప్రోటోబఫ్ అనే బైట్ల రూపంలోకి మార్చే, చిన్న పరికరాల కోసం చేసిన లైబ్రరీ) ఎన్‌కోడ్ చేస్తే ఫంక్షన్ విజయవంతమైనట్లు చెప్తున్నా పేరు మాత్రం అవతలికి చేరడం లేదని మొన్న అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

తప్పు నాదే. సందేశంలోని ఫీల్డ్‌లను నిర్వచించే ప్రోటో ఫైల్‌లో స్ట్రింగ్‌కు గరిష్ఠ పరిమాణం చెప్పకపోతే, నానోపీబీ దానిని క్యారెక్టర్ అరేగా కాక కాల్‌బ్యాక్‌గా (విలువను అందించేందుకు మనమే రాసి ఇవ్వవలసిన ఫంక్షన్‌గా) తయారుచేస్తుంది. ఆ కాల్‌బ్యాక్‌ను మనం నింపకుండా వదిలేస్తే, ఎటువంటి లోపమూ చూపకుండా ఆ ఫీల్డ్‌ను దాటవేస్తుంది. ఆప్షన్స్ ఫైల్‌లో మాక్స్‌సైజ్ (బైట్లలో గరిష్ఠ పరిమాణం) 16 అని రాసి, కోడ్‌ను మళ్లీ జనరేట్ చేయగానే పేరు వచ్చింది. అయితే స్ట్రింగ్ ముగింపును తెలిపే చివరి సున్నా బైట్ కూడా ఈ 16లో భాగమే. పైగా యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి కనుక, గుణింతపు గుర్తులతో కలిపి 7 సంకేతాలున్న ‘తిరుపతి’ ఒక్కటే 21 బైట్లు ఆక్రమిస్తుంది. అందుకే 32కు పెంచాను.

ఆ తరువాత సీరియల్ పోర్టులో రెండు సందేశాలు కలిసిపోయాయి. ప్రోటోబఫ్ సందేశం తన ముగింపును తాను చెప్పదు. ముందు పొడవును పంపే డెలిమిటెడ్ పద్ధతిని రెండు వైపులా వాడవలసి వచ్చింది.

ఉష్ణోగ్రత ఫీల్డ్ రకాన్ని ఇంట్32 నుండి, చిన్న రుణ సంఖ్యలను తక్కువ బైట్లలో రాసే ఎస్‌ఇంట్32కు మార్చాను. మైనస్ 5 విలువకు మునుపు 10 బైట్లు పట్టేవి, ఇప్పుడు ఒక్కటే.