విసర్జన్ నాటకంలో రఘుపతిది భక్తా, పెత్తనమా?

అందరికీ నమస్తే, ఠాగూర్ 1890లో రాసిన విసర్జన్ చదివినవాళ్లు గానీ స్టేజీ మీద చూసినవాళ్లు గానీ ఉంటే కాస్త హెల్ప్ చెయ్యండి. అపర్ణ అనే బిచ్చమెత్తుకునే పిల్ల తన మేకపిల్లని బలిచ్చేశారని ఏడుస్తుంటే చూసి త్రిపుర రాజు గోవిందమాణిక్య గుడిలో బలులే ఆపించేస్తాడు, దాంతో పూజారి రఘుపతి రాజు తమ్ముణ్ణే అన్న మీదకి ఎగదోస్తాడు, అమ్మవారికి రాజరక్తం కావాలంటాడు, చివరికి కొడుకులా పెంచుకున్న జయసింహే నాలోనూ ఉన్నది రాజరక్తమేనని కత్తి పొడుచుకుని చచ్చిపోతాడు. ఆ సీన్ నన్ను అస్సలు వదలట్లేదు. ఆ తర్వాత రఘుపతి విగ్రహాన్నే గోమతి నదిలోకి విసిరేస్తాడు కదా, మరి అంతకుముందున్నది నిజంగా భక్తేనా, గుడి మీద పట్టు పోతుందన్న కోపమా? రాజు ఆపింది కూడా హుకుంతోనే కదా, అదీ అధికారమేగా? మీరెలా అర్థం చేసుకున్నారో చెప్పండి, తెలుగులో దీని మీద మంచి వ్యాసం ఏదైనా ఉంటే పేరు చెప్పండి ప్లీజ్.